వెబ్‌క్యామ్ ఫొటోలకు సొంత బ్యాక్‌డ్రాప్, సొంత ఎఫెక్ట్ ఎలా చేయాలి?

ఒక బతుకమ్మ పండుగకు నల్లగొండలో మా ఇంటి వరండాలో పిల్లల కోసం ఫొటోలు దిగే మూల ఒకటి పెట్టాను. బల్ల మీద లాప్‌టాప్, వెనక ఆకుపచ్చ గుడ్డ, అంతే. మా చిన్నమ్మ కూతురు బతుకమ్మ ఎత్తుకొని వచ్చి నిలబడింది. తెర మీద చూస్తే తంగేడు పూలు గాల్లో తేలుతున్నాయి. కింద పరిచిన గుమ్మడాకులు లేవు, ఆమె చేతి ఆకుపచ్చ గాజులూ లేవు!

తప్పు నాదే. వెనక గుడ్డను చెరిపి వేరే బొమ్మ పెట్టే క్రోమా కీ ఫిల్టర్ మనిషినీ గుడ్డనూ గుర్తుపట్టదు. చెప్పిన రంగు ఎక్కడ కనిపించినా చెరిపేస్తుంది, అంతే. అందుకే బతుకమ్మకైతే నీలం గుడ్డ కట్టండి. నీలం చీరలు కట్టుకొచ్చేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

గుడ్డ, వెలుతురు

మెరిసే శాటిన్ వద్దు, లైనింగ్ గుడ్డ చాలు. ఇస్త్రీ మాత్రం తప్పనిసరి. ముడత పడిన చోట నీలం ముదురుగా కనిపించి సరిగ్గా చెరగదు. గుడ్డ మీద వెలుతురు అంతటా ఒకేలా పడాలి. మనిషి గుడ్డకు నాలుగైదు అడుగులు ముందు నిలబడాలి. దగ్గరగా ఉంటే నీడ గుడ్డ మీద పడుతుంది, గుడ్డ నీలం చెంపల మీదికి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో గంటసేపు తిప్పలు పడేకన్నా ఇక్కడ పది నిమిషాలు పెట్టడం నయం.

బ్యాక్‌డ్రాప్ ఫొటో

ఇంటర్నెట్‌లో దొరికే ఈఫిల్ టవర్ ఎందుకు? మాకు పానగల్ గుడి దగ్గర్లోనే ఉంది, పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి ఊడలున్నాయి. ఫోన్ అడ్డంగా పట్టుకొని, లాప్‌టాప్ కెమెరా ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తు నుంచి తీయండి. మనుషులు నిలబడే నడిమి భాగం ఖాళీగా ఉంచండి.

వెలుతురు ఎటు నుంచి పడుతోందో గుర్తు పెట్టుకోండి. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా నీడ ఉంటుందని చూడ్డానికి వెళ్తాం కదా, మన ఫొటోలో నీడ అలా దానంతటదే కుదరదు. గుడి ఫొటోలో ఎండ ఎడమ నుంచి పడితే వరండాలో లైటు కూడా ఎడమవైపే పెట్టాలి. లేకపోతే ఎంత బాగా కీ చేసినా అతికించినట్టే ఉంటుంది.

ఆ ఫొటోను గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 1920×1080 సైజుకు కత్తిరించి, మసకబరిచే గాసియన్ బ్లర్ కొంచెం ఇవ్వండి. ఫోన్ ఫొటో వెబ్‌క్యామ్ కన్నా స్పష్టంగా ఉంటుంది. మనిషి మసకగా, గుడి పదునుగా ఉంటే నప్పదు.

ఓబీఎస్‌లో

కెమెరా, ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో. ఇది కూడా ఉచితమే. సోర్సెస్‌లో ముందు ఇమేజ్ కింద గుడి ఫొటో, దాని పైన వీడియో క్యాప్చర్ డివైస్ కింద వెబ్‌క్యామ్ చేర్చండి. కెమెరా సెట్టింగ్స్‌లో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేయండి. లేకపోతే తెల్ల చొక్కా వేసుకున్నాయన రాగానే గుడ్డ రంగు మారిపోతుంది. తర్వాత కెమెరా మీద రైట్ క్లిక్ చేసి ఫిల్టర్స్, క్రోమా కీ, రంగు నీలం. నీలానికి ఎంత దగ్గరి రంగుల దాకా చెరపాలో చెప్పే సిమిలారిటీ 400 దగ్గర ఉంటుంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పెంచుతూ చూడండి. జుట్టు అంచులు తెగిపోతుంటే ఎక్కువైనట్టు.

సొంత ఎఫెక్ట్

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఓబీఎస్ ఫోల్డర్‌లో ఎల్‌యూటీస్ అనే చోట ఒరిజినల్ అనే పీఎన్‌జీ బొమ్మ ఉంటుంది. చూడ్డానికి రంగుల గళ్లే, కానీ ఏ రంగు ఏ రంగుగా మారాలో చెప్పే పట్టిక అది. దాన్ని కాపీ చేసి పెట్టుకోండి. మీరు తీసిన ఒక ఫొటోను గింప్‌లో తెరిచి, రంగులు మార్చే కర్వ్స్‌తో పాత ఆల్బమ్ రంగులోకి తెచ్చి, ఆ మార్పును ప్రీసెట్‌గా దాచండి. అదే ప్రీసెట్‌ను ఆ గళ్ల బొమ్మకూ వేసి, సైజు మార్చకుండా పీఎన్‌జీగానే ఎక్స్‌పోర్ట్ చేయండి. బ్లర్ లాంటివి ఇందులో పనిచేయవు, రంగుల మార్పులు మాత్రమే.

ఈ ఫైల్‌ను అప్లై ఎల్‌యూటీ ఫిల్టర్‌లో ఇవ్వాలి. కెమెరాకు కాదు, గుడి ఫొటో, కెమెరా అన్నీ కలిసిన మొత్తం సీన్‌కు. అప్పుడు గుడికీ మనిషికీ ఒకే రంగు పట్టి ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తారు.

ఫ్రేమ్, ప్రింట్

పోచంపల్లి చీర అంచును పైనుంచి నిటారుగా ఫొటో తీసి, గింప్‌లో నడుమ పారదర్శకంగా ఉండే ఫ్రేమ్‌గా మార్చి, సోర్సెస్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి. అద్దంలోలా కనిపించాలంటే కెమెరాను ఒక్కదాన్నే ఫ్లిప్ చేయండి, ఫ్రేమ్ మీది అక్షరాలు తిరగబడకుండా. హాట్‌కీస్‌లో స్క్రీన్‌షాట్ అవుట్‌పుట్‌కు ఒక మీట కేటాయిస్తే, అది నొక్కినప్పుడల్లా ఫొటో రికార్డింగ్ ఫోల్డర్‌లో పడుతుంది.

ప్రింట్ వేయిస్తారా? 4×6 కాగితానికి ఈ ఫొటోలో రెండు పక్కలా 150 పిక్సెళ్ల చొప్పున తెగిపోతుంది. నేను ఎడమ అంచున ‘బతుకమ్మ’ అని రాశాను. ప్రింట్‌లో ‘మ్మ’ మిగిలింది.