మెడికల్ గంజాయి కార్డు కంటే ముందు ఉద్యోగం సంగతి: అమెరికా మాజీ సైనికులకు

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చాక నడుంనొప్పికో పీటీఎస్‌డీకో (భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) మెడికల్ గంజాయి వాడదామనుకునేవాళ్లు చాలామంది ముందు కార్డు తీసేసుకుంటారు. కొత్త ఉద్యోగానికి యూరిన్ టెస్టు అడిగినప్పుడు కంగారుపడతారు. ఈ వరస తిరగెయ్యాలి. కార్డు ఇచ్చేది రాష్ట్రం. మీ ఉద్యోగం మీద ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిబంధన ఉంటే ఆ కార్డు అక్కడ చెల్లదు.

కాబట్టి మొదటి పని, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, రెండు మూడేళ్లలో వెళ్లాలనుకునే ఉద్యోగం ఏ కోవలోవో తేల్చుకోవడం. ఫెడరల్ ఉద్యోగాలకు 1986 నాటి 12564 నంబరు అధ్యక్ష ఉత్తర్వు వర్తిస్తుంది, దాని ప్రకారం ఉద్యోగులు మాదకద్రవ్యాలు వాడకూడదు. డ్యూటీలో లేనప్పుడు వాడినా తప్పే. వెటరన్ ప్రిఫరెన్స్‌తో (మాజీ సైనికులకిచ్చే ప్రాధాన్యం) వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఆసుపత్రిలోనే ఉద్యోగం వచ్చినా ఇదే రూలు.

ట్రక్కు, బస్సు, రైలు, విమానం నడిపేవాళ్లకు రవాణా శాఖ టెస్టు ఉంటుంది. యూరిన్‌లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) మెటబొలైట్ (అది ఒంట్లో విరిగాక మిగిలేది) తొలి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, నిర్ధారణ పరీక్షలో 15 నానోగ్రాములు ఉంటే పాజిటివ్. కార్డు చూపించినా, వాడింది సీబీడీ (గంజాయి మొక్కలోని మత్తివ్వని పదార్థం) నూనె మాత్రమే అని చెప్పినా మెడికల్ రివ్యూ ఆఫీసర్ (టెస్టు ఫలితాలు పరిశీలించే డాక్టరు) దాన్ని నెగెటివ్‌గా మార్చడానికి వీల్లేదు. సీసా మీద రాసినదానికంటే ఎక్కువ టీహెచ్‌సీ ఉన్న సీబీడీ సరుకు మార్కెట్లో ఉంది. అసలు ఈ టెస్టు మత్తును కొలవదు. టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో చేరి మెల్లగా బయటికొస్తుంది, రోజూ వాడేవాళ్లలో వారాల తరబడి కనపడుతుంది. అందుకే శుక్రవారం ఆపేసి సోమవారం టెస్టుకు వెళ్లడం పనిచెయ్యదు.

సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలంటే ఎస్ఎఫ్-86 ఫారం 23వ సెక్షన్లో గత 7 ఏళ్ల వాడకం రాయాలి, రాష్ట్రం అనుమతించినా సరే. గతంలో వాడిన ఒక్క కారణంతోనే తిరస్కరించాల్సిన పని లేదని 2021 డిసెంబరులో జాతీయ నిఘా డైరెక్టర్ కార్యాలయం చెప్పింది. ఇప్పటికీ వాడుతుండటం, ఫారంలో దాచడం వేరే సంగతి. అవి రెండూ ఫైలును ముంచుతాయి. రిజర్వ్‌లోనో నేషనల్ గార్డ్‌లోనో కొనసాగుతుంటే సీబీడీ కూడా ముట్టుకోవద్దు.

ప్రైవేటు ఉద్యోగమైతే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కొలరాడో సుప్రీంకోర్టు 2015లో కోట్స్ కేసులో, కార్డున్న రోగిని తీసేసిన కంపెనీనే సమర్థించింది. న్యూయార్క్‌లో సర్టిఫైడ్ రోగిని వైకల్యం ఉన్న వ్యక్తిగా చూస్తారు, కాబట్టి వివక్ష నుంచి రక్షణ ఉంటుంది. కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి మత్తు లేని మెటబొలైట్ ఆధారంగా తీసెయ్యకూడదు, కానీ భవన నిర్మాణ పనులకూ ఫెడరల్ క్లియరెన్స్ ఉద్యోగాలకూ మినహాయింపుంది. టెక్సస్‌లో అలాంటి రక్షణ లేదు. "మాది ఫెడరల్ కాంట్రాక్టు, టెస్టు తప్పదు" అని హెచ్ఆర్ అంటే రాతపూర్వక పాలసీ అడగండి. 1988 నాటి డ్రగ్-ఫ్రీ వర్క్‌ప్లేస్ చట్టం దానంతటది టెస్టు చెయ్యమనదు. కాంట్రాక్టులో వేరే షరతు ఉందేమో చూడాలి.

ఈ లెక్కలన్నీ తేలాకే కార్డు. వీఏ డాక్టరు రాష్ట్ర ఫారం మీద సంతకం పెట్టరు, వీఏ ఖర్చూ భరించదు. 10-5345ఏ ఫారంతో మీ రికార్డులు తెప్పించుకోండి: జబ్బుల జాబితా, మందుల జాబితా, స్కాన్ రిపోర్టులు, చివరి విజిట్ నోట్సు. వాటితో రాష్ట్రంలో రిజిస్టరైన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెక్సస్‌లో కార్డంటూ ఉండదు, డాక్టరే ప్రిస్క్రిప్షన్‌ను రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కిస్తారు. ఇల్లినాయిలో మాజీ సైనికులకు ఫీజు తక్కువ, డీడీ-214 (సైన్యం నుంచి విడుదలైన పత్రం) దగ్గర పెట్టుకోండి.

వీఏ డాక్టరుకు వాడకం సంగతి తప్పక చెప్పండి. వీఏ 1315 డైరెక్టివ్ ప్రకారం దానివల్ల వీఏ వైద్యం ఆగదు, డిజెబిలిటీ పరిహారమూ పోదు. చెప్పకపోతేనే ప్రమాదం: సీబీడీ వార్ఫరిన్ (రక్తం పలచబరిచే మందు) ప్రభావాన్ని పెంచి రక్తస్రావం తేగలదు, నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. పీటీఎస్‌డీకి గంజాయి వద్దనే 2023 నాటి వీఏ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాట కూడా డాక్టరుతో నిదానంగా మాట్లాడుకోవాలి. సరుకు మాత్రం వీఏ పార్కింగ్‌లో కారులో కూడా ఉండకూడదు.

సెక్యూరిటీ గార్డు పనికి తుపాకీ కొనాలంటే కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ 4473 ఫారం అడ్డమొస్తుంది. మెడికల్ వాడకమైనా ఫెడరల్ చట్టం దృష్టిలో అక్రమమేనని ఆ ఫారంలోనే హెచ్చరిక ఉంటుంది. అబద్ధం రాస్తే అది మరో నేరం.

మావ్నీ పథకంలో (కొన్ని నైపుణ్యాలున్న విదేశీయుల్ని అమెరికా సైన్యంలోకి తీసుకున్న పథకం) చేరి పౌరసత్వం పొందిన తెలుగువాళ్లకు ఇంకో మాట. చాలా రాష్ట్రాల్లో రోగి తరఫున సరుకు తెచ్చే కేర్‌గివర్‌ను నమోదు చేస్తారు. గ్రీన్ కార్డు మీద ఉన్న భార్య పేరో భర్త పేరో అక్కడ రాయించొద్దు. ఫెడరల్ డ్రగ్ చట్టాన్ని మీరితే పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన షరతు దెబ్బతింటుందని యూఎస్‌సీఐఎస్ (అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ) 2019లో స్పష్టంగా చెప్పింది. ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగందే అడుగు వెయ్యొద్దు. గంజాయి గమ్మీలు (జెల్లీ మిఠాయిలు) బ్యాగులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే ఎన్‌డీపీఎస్ (భారత మాదకద్రవ్యాల) చట్టం ఎదురవుతుంది, అమెరికా కార్డు అక్కడ కాపాడదు.

ఇంతా చేశాక టెస్టు పాజిటివ్ వస్తే ఆ రోజే కదలండి. నోటీసు తేదీ రాసిపెట్టుకోండి, ల్యాబ్ రిపోర్టు కాపీ అడగండి, రాజీనామా పత్రం మీద సంతకం పెట్టొద్దు. న్యూజెర్సీలో మెడికల్ కారణం చెప్పడానికో మళ్లీ టెస్టు అడగడానికో గడువు 3 పనిదినాలే.