ప్రభుత్వ గ్రాంటు ప్రాజెక్టు మీద సంతకం పెట్టే ముందు

తార్నాకలో ఐఐసీటీతో (కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) అయినా, కందిలో ఐఐటీతో అయినా కలిసి పరిశోధన మొదలుపెట్టే కంపెనీ ముందు చూసుకోవాల్సినవి:

▢ పేటెంటు ఎవరిది? "ఇద్దరిదీ" అని రాసేసి చేతులు దులుపుకోకండి. అసలు పేచీ అక్కడే. పేటెంట్ల చట్టం 1970లోని 50వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా లేకపోతే, ఉమ్మడి యజమాని తన మేరకు వాడుకోవచ్చు. లైసెన్సు ఇవ్వాలన్నా, వాటా అమ్మాలన్నా రెండోవారు ఒప్పుకోవాలి. ఆ జవాబు ఎన్ని రోజుల్లో రావాలో, ఫీజులు ఎవరు కట్టాలో ఇప్పుడే రాయించండి.

▢ ముందు పేటెంటు దరఖాస్తు, తర్వాతే పరిశోధన పేపరు. తెలిసిన కంపెనీలో ఒక కుర్రాడు దరఖాస్తుకు ముందే సెమినార్‌లో ఫార్ములా ఉన్న స్లైడు చూపించేశాడు. ఇక పేటెంటు దక్కుతుందో లేదో అని లాయర్ల చుట్టూ తిరుగుడే, ఒకటే టెన్షన్.

▢ విదేశంలో పేటెంటుకా? ఇక్కడ దరఖాస్తు చేసి 6 వారాలు ఆగాలి, లేదా ముందే అనుమతి తీసుకోవాలి.

▢ గ్రాంటు మీద వచ్చే వడ్డీ మనది కాదు, జీఎఫ్ఆర్ 2017 (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు) ప్రకారం తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో కొన్న మెషీన్‌కు స్టిక్కరు అంటించి రిజిస్టర్లో ఎక్కించండి. అనుమతి లేకుండా అమ్మకూడదు.

▢ ప్రొఫెసర్ గారి సంతకం ఒక్కటే చాలదు. సంస్థ తరఫున అధికారం ఉన్నవారిది కావాలి.