ఇల్లు మారేటప్పుడు ఆవకాయ జాడీ కారకుండా

సామానంతా క్షేమంగా చేరినా, ఆవకాయ జాడీలోంచి కారిన నూనె పక్కనున్న అట్టపెట్టెనీ, అందులోని బట్టల్నీ పాడుచేస్తుంది. మూత ఎంత బిగించినా ఆగదు. కుదుపులకు ఒలికేది పైన తేలే నూనే కాబట్టి ముందు దాన్నే తీసేయాలి.

బయల్దేరే రోజు పొద్దున పైనూనెను పొడి గరిటెతో తీసి, తడి లేని సీసాలో పోసి మూత పెట్టండి. ముక్కల్ని అదిమి, పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. జాడీ అంచును పొడిగుడ్డతో జిడ్డు పోయేదాకా తుడవండి. ఇక్కడ బద్ధకించొద్దు, జిడ్డు మీద ఏ కట్టూ నిలవదు. పాలిథీన్ కవరు రెండు పొరలుగా వేసి రబ్బరు బ్యాండు, దాని మీద మూత, ఆపైన వాసెన గుడ్డ. జాడీని బకెట్లో నిలబెట్టి చుట్టూ పాత తువ్వాళ్లు కూరండి. లారీలో కంటే కారులో కాళ్ల దగ్గరే నయం. దిగగానే ముక్క మునిగేలా నూనె తిరిగి పోసేయండి.

సామాను చేరడానికి రెండు మూడు రోజులు పట్టేట్టయితే మాత్రం నూనె తీయొద్దు, ముక్కకు బూజు పడుతుంది. అప్పుడు నూనెతో సహా చిన్న గాజు సీసాల్లోకి అంచుదాకా సర్దుకోవడమే మేలు.