అపార్ట్‌మెంటు రిపేర్ల నిధి: ఫ్లాటుకు నెలకు ఎంత వేయాలో లెక్క కట్టడం ఎలా?

లిఫ్టు ఆగిపోయిన రోజున వాట్సాప్ గ్రూపులో ‘ఫ్లాటుకు 60 వేలు’ అని మెసేజ్ పెడితే ఏం జరుగుతుందో విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. సగంమంది ఇస్తారు. ముగ్గురు నలుగురు ఫ్లాటు అద్దెకిచ్చి అమెరికాలో ఉంటారు. మొదటి అంతస్తువాళ్లు ‘మేం లిఫ్టే ఎక్కం’ అంటారు. ఆ అరవై వేలు పదేళ్ల ముందు నుంచి కొద్దికొద్దిగా పోగై ఉంటే ఈ గొడవే లేదు. కొద్దికొద్దిగా అంటే ఎంత? ఆ అంకె రాబట్టడానికి ఒక నోటు పుస్తకం, ఒక ఆదివారం చాలు.

1. బిల్డింగంతా తిరిగి పట్టిక రాయండి

డాబా నుంచి సంపు దాకా ఉమ్మడి వస్తువులన్నీ రాయాలి: బయటి రంగు, డాబా వాటర్‌ప్రూఫింగ్, లిఫ్టు, బోరు మోటారు, జనరేటరు, డ్రైనేజీ పైపులు, మీటరు బోర్డు. ప్రతిదానికీ ఎప్పుడు పెట్టారు, ఇంకా ఎన్నేళ్లు వస్తుంది, ఈరోజు మార్చితే ఎంతవుతుంది అన్న మూడు గళ్లు. రెండేసి కొటేషన్లు తెప్పించండి. పోయిన కమిటీ కట్టిన పాత ధర వేసుకోవద్దు. లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

బయటి రంగుకు 5 నుంచి 7 ఏళ్లు, డాబా కోటింగుకు 7, 8 ఏళ్లు, లిఫ్టుకు 20 నుంచి 25 ఏళ్లు వేసుకోవచ్చు. బోరు మోటారు మాత్రం నీటిని బట్టి. ఉప్పు నీళ్లయితే ఆరేళ్లకు మించి ఆశ పెట్టుకోకండి.

వయసు కంటే కంటికి కనిపించేదే నిజం. డాబా మీద రూపాయి బిళ్లతో అడుగడుక్కీ కొట్టి చూడండి. ‘ఠంగ్’మంటే గట్టిగా ఉన్నట్టు, డొల్ల శబ్దం వస్తే పై పూత స్లాబును వదిలేసినట్టు. వాన వెలిసిన మర్నాడు ఎక్కడ నీళ్లు నిలిచాయో సుద్దతో గీయండి. స్టిల్టు (కింది పార్కింగు) స్తంభాల మీద నిలువుగా సన్నటి పగులు, దాని వెంట తుప్పు మరక కనిపిస్తే లోపల కడ్డీ ఉబ్బుతోందని అర్థం. అది రంగు ఖర్చు కాదు, ఇంజనీరుకు చూపించాల్సిన పని. లిఫ్టు తాళ్ల మీద ఎర్రటి పొడి కనిపిస్తే లోపలి తీగలు అరుగుతున్నట్టు. తాళ్ల ఖర్చు మీ ఏఎమ్‌సీలో (లిఫ్టు కంపెనీతో ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందంలో) ఉందో లేదో అప్పుడే చదవండి. చాలా ఒప్పందాల్లో ఉండదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగింది గుర్తుందిగా. పల్లపు కాలనీల్లో ఉన్నవాళ్లు మీటరు బోర్డును, జనరేటరును ఎత్తు మీదికి మార్చే ఖర్చును కూడా పట్టికలో రాయాలి.

2. ఏ ఏడాది ఎంత కావాలో వేయండి

20 ఫ్లాట్లు, ఒక్కోటి 1,200 చదరపు అడుగులు, చేతిలో 6 లక్షల కార్పస్ (ముందే పోగైన నిధి) ఉన్న బిల్డింగు అనుకుందాం. ఈ ధరలు లెక్క చూపడానికి వేసినవి, మీవి మీ కొటేషన్ల నుంచి వేసుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే:

మోటారు (ఈరోజు 80 వేలు) 2వ ఏట 90 వేలు, మళ్లీ 8వ ఏట 1.28 లక్షలు
రంగు (5 లక్షలు) 3వ ఏట 5.96 లక్షలు, మళ్లీ 9వ ఏట 8.45 లక్షలు
డాబా (3.3 లక్షలు) 4వ ఏట 4.17 లక్షలు
జనరేటరు (6 లక్షలు) 5వ ఏట 8.03 లక్షలు
లిఫ్టు (12 లక్షలు) 10వ ఏట 21.49 లక్షలు

మొత్తం 50.28 లక్షలు. ఉన్న 6 లక్షలు తీసేస్తే పదేళ్లలో 44.28 లక్షలు వసూలు కావాలి. అంటే ఫ్లాటుకు నెలకు 1,845 రూపాయలు.

అక్కడితో ఆగొద్దు. ఏడాదివారీగా నిల్వ రాయండి: పోయిన ఏటి నిల్వకు ఈ ఏటి వసూలు కలిపి, ఖర్చు తీసేయండి. 1,845 చొప్పున వేస్తే ఐదో ఏట జనరేటరు కొన్నాక కూడా 9 లక్షలు మిగులుతాయి కానీ, పదో ఏట లిఫ్టు పెట్టేసరికి చేతిలో ఏమీ మిగలదు. లిఫ్టు కొటేషను కాస్త పెరిగినా చేయి చాచాల్సిందే. అందుకని 2,000 పెట్టండి. పదో ఏట చివర 3.72 లక్షలు నిల్వ ఉంటుంది. వడ్డీ ఈ లెక్కలో కలపలేదు, అదో ధైర్యం.

ఫ్లాట్లు చిన్నా పెద్దా ఉంటే చదరపు అడుగుల లెక్కన పంచడం మేలు. పెంట్‌హౌసుకూ, డబుల్ బెడ్‌రూముకూ ఒకే మొత్తం వేస్తే మొదటి మీటింగులోనే తగవు.

3. డబ్బు ఎక్కడ ఉంచాలి

మెయింటెనెన్స్ ఖాతాలో కలపకండి. వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు ఎప్పుడూ అర్జెంటే, నిధి అక్కడే కరిగిపోతుంది. అసోసియేషను పేరున పాన్, రెండో ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఏడాదికి, రెండేళ్లకు, మూడేళ్లకు విడివిడిగా ఎఫ్‌డీలు చేసి, ఖర్చు వచ్చే ఏడాదికి ఒకటి తీరేలా చూడండి. బ్యాంకు మునిగితే అందే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే, కాబట్టి మొత్తం పెరిగాక రెండు మూడు బ్యాంకుల్లో పెట్టండి. బ్యాంకు వడ్డీ మీద పన్ను పడుతుంది. సభ్యుల సొంత సొమ్మే కదా అన్న వాదన క్లబ్బుల ఎఫ్‌డీ వడ్డీ విషయంలో 2013లో సుప్రీంకోర్టులో నిలవలేదు.

ఎవరో ఒకరు ‘బ్యాంకులో ఏముంది, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇద్దాం’ అనో, చీటీ వేద్దామనో అంటారు. వద్దు. లిఫ్టు ఆగిన వారంలో అసలు వెనక్కి వస్తుందన్న హామీ దేనికీ లేదు.

4. తీర్మానం రాసుకోండి

జనరల్ బాడీలో పెట్టి మినిట్స్ బుక్‌లో రాయాల్సినవి: నెలకు ఎంత, ఏ పనులకు వాడాలి, ఎంత దాటితే మళ్లీ ఓటు అడగాలి. నిధి ఓనరు బాధ్యత, మెయింటెనెన్స్ అద్దెవాళ్ల దగ్గర తీసుకున్నా ఇది తీసుకోకూడదు. విదేశాల్లో ఉన్న ఓనర్ల దగ్గర ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే ఒక్కసారి వేయించుకుంటే నెలనెలా గుర్తుచేసే బాధ తప్పుతుంది.

కొత్త బిల్డింగయితే ఇంకో మాట. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (2016) ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి చెప్పితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. కాబట్టి స్లాబు కారుతుంటే నిధి తీయకుండా ముందు బిల్డరుకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

డాబా పని ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టించండి. పది దాటాక కాలిన స్లాబు మీద పూస్తే పూత ఆరడంలోనే పగులుతుంది. రంగు పని దీపావళి తర్వాత పెట్టుకోండి.

ఏటా ఏప్రిల్‌లో పట్టికను మళ్లీ దిద్దండి: అయిన పని కొట్టేయాలి, కొత్త కొటేషను రాయాలి, నిల్వ సరిచూడాలి. మధ్యలో ఫ్లాటు అమ్మేవాళ్లు ఇన్నాళ్లూ కట్టింది తిరిగివ్వమంటారు. ఆ వాటా ఫ్లాటుతో పాటే కొన్నవాళ్లకు వెళ్తుందని బైలాలో (అసోసియేషను నియమావళిలో) ముందే రాసి ఉంటే, బాకీల్లేవన్న నో డ్యూస్ కాగితం ఇచ్చే రోజున వాదన ఉండదు.