కూలి ఆగినప్పుడు వాక్యం ఎలా చదవాలి

మా కళ్యాణదుర్గం వైపు శెనక్కాయలు పీకే రోజుల్లో ఇంటి ప్రార్థన రాత్రి ఎనిమిదికి ముందు పెట్టొద్దు. ఆడవాళ్లు వంట ముగించుకొని రావాలి కదా. ముందు బైబిల్లో యాకోబు పత్రిక 5:4 చదవండి. చేను కోసినవాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ కేక దేవుని చెవిన పడిందనీ అందులో ఉంది. చదువు రానివాళ్ల కోసం రెండుసార్లు, నిదానంగా. వెంటనే ప్రసంగం ఎత్తుకోకండి. "మీలో ఎవరికి కూలి రావాలి?" అని అడిగి ఊరుకోండి, వాళ్లే చెప్తారు. తర్వాత ద్వితీయోపదేశకాండము 24:15: పొద్దు గూకకముందే కూలి ఇవ్వాలి. "పరలోకంలో దొరుకుతుందిలే" అనే ఓదార్పు నాకు పడదు. పనిచేసిన తేదీ, రావాల్సిన సొమ్ము నోటుబుక్కులో రాయించండి. అడిగినా ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు అక్కడ లాయరు ఫీజు ఉండదు.