చెరువులో గాలం వేయడానికి సరైన జాగా ఎలా పట్టాలి?

గాలం కొన్నా, ఎర్రలు తవ్వుకున్నా, బండేసుకుని చెరువు కట్ట మీదికి పోయి ఎక్కడ చెట్టు నీడ కనిపిస్తే అక్కడ కూర్చున్నా. మొదటి రెండేళ్లు నేను చేసింది ఇదే. అందుకే ఆ రెండేళ్లు నాకు పడ్డవన్నీ పరకలు, జెల్లలు, అవి కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకునేన్ని. మనకు నీడ దొరికిన చోటే చేపకు తిండి దొరకాలని రూలేం లేదు కదా. తెలంగాణలో చెరువులకు, రిజర్వాయర్లకు కొదవ లేదు, కొదవంతా ఎక్కడ కూర్చోవాలో తెలియకపోవడంలోనే ఉంది.

ముందు అడగండి. ఊరి చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల చేతుల్లో ఉంటాయి, చేపపిల్లలు వదిలేది, కాపలా కాసేది వాళ్లే, కాబట్టి నీళ్లు అందరివైనా చేపలు మాత్రం వాళ్లవి. వల వేయకుండా ఒక్క గాలంతో కూర్చుంటే చాలా చోట్ల ఏమనరు, కానీ అడక్కుండా కూర్చుంటే గొడవే. నేనైతే కట్ట మీద ఎవరు కనిపిస్తే వాళ్లని "అన్నా, ఒక్క గాలం ఏసుకుంటా, కూరకే" అని అడుగుతా. ఒకసారి ఒకాయన "ఏస్కో తమ్మీ, గని తూము కాడ మా వలలున్నయ్, ఆ తుమ్మచెట్టు కింద పాత వాగు ఉంది, ఆడ కూసో" అన్నాడు. అడిగింది పర్మిషన్, దొరికింది అడ్రస్. పెద్ద రిజర్వాయర్లకు లైసెన్స్ సంగతి జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. జులై, ఆగస్టుల్లో మాత్రం రిజర్వాయర్ల జోలికి పోవద్దు, చేపలు గుడ్లు పెట్టే టైం, వేట ఆపేస్తారు.

తర్వాత ఏ నీళ్లకు పోవాలో చూసుకోండి. మంజీరా, కిన్నెరసాని, పాకాల ఇవన్నీ అభయారణ్యాలు, అక్కడ గాలం మాటే ఎత్తొద్దు, పైగా మంజీరా, కిన్నెరసానిలో మొసళ్లున్నాయి. హుస్సేన్ సాగర్ లాంటి సిటీ చెరువుల్లో చేప పడ్డా తినే పని పెట్టుకోకండి. మిగతావి బోలెడు: కరీంనగర్ పక్కనే లోయర్ మానేరు, ఖమ్మం వైపు పాలేరు, వైరా, నందిపేట వైపు శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) బ్యాక్ వాటర్, దేవరకొండ వైపు నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్. ఎక్కడికి పోయినా ఆ వైపు గాలం వేయనిస్తారా లేదా అనేది అక్కడివాళ్లనే అడగాలి. కొత్తవాళ్లకు నా సలహా అయితే పెద్ద రిజర్వాయర్ వద్దు, మామూలు ఊరి చెరువే మేలు, ఎందుకంటే పెద్ద నీళ్లలో చేప ఎక్కడుందో వెతకడానికే పొద్దు గూకుతుంది.

ఇక అసలు పని, నీళ్లను చదవడం. మన చెరువుల తీరు దాదాపు ఒకటే. 1213 ప్రాంతంలో కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాల, రామప్ప చెరువులు చూసినా అదే కథ, గుట్టల మధ్య పల్లం చూసి అడ్డంగా కట్ట వేశారు. అంటే కట్ట దగ్గర, అందులోనూ తూము చుట్టుపక్కల లోతెక్కువ, ఎదురుగా శిఖం, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు భూమి వైపు పోయేకొద్దీ మోకాలి లోతే. ఎండాకాలం మధ్యాహ్నం శిఖం వైపు కూర్చుంటే ఎండ తప్ప ఏం పడదు, చేపలన్నీ లోతుకు దిగిపోతాయి. అదే పొద్దున, సాయంత్రం ఒడ్డుకొచ్చి మేస్తాయి. కొత్త నీళ్లు దిగే వానాకాలంలో మళ్లీ లెక్క మారుతుంది, వాగు చెరువులో కలిసే చోట చేపలు ఎదురెక్కుతుంటాయి, కానీ కడుపు నిండా గుడ్లతో ఉన్నవే ఎక్కువ, అవి పడితే వదిలేయడం మంచిది.

చెరువులను బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక చాలా చెరువుల్లో పూడిక తీశారు. జేసీబీలు తవ్విన ఆ గుంతలు నీళ్ల కింద అలాగే ఉన్నాయి, నీళ్లు తగ్గినప్పుడు పెద్ద చేపలు వాటిల్లోనే తలదాచుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి ఊరికే పోయి ఎండిన చెరువంతా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి, ఏ గుంత ఏ చెట్టుకు ఎదురుగా ఉందో గుర్తు పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. అవే గుంతల్లో మనుషులూ మునుగుతారు, కాబట్టి ఎర చిక్కుకుందని తీయడానికి నీళ్లలోకి దిగొద్దు, పది రూపాయల గాలం పోతే పోనీ.

గాలి ఎటు తోలుతుందో చూడండి. ముఖానికి గాలి కొట్టే ఒడ్డున కూర్చోవడం చిరాకే, ఎర విసిరితే మన మీదికే వస్తుంది, కానీ అలలతో పాటు తేలే తిండంతా ఆ ఒడ్డుకే చేరుతుంది, దాని వెనకే చేపలు. ఇంకో గుర్తు బుడగలు. ఒకే చోట రెండు పెద్ద బుడగలు వచ్చి ఆగిపోతే అది బురదలో గ్యాస్. చిన్న చిన్న బుడగలు గుత్తిలా లేచి, కాసేపాగి జానెడు పక్కన మళ్లీ లేస్తే మాత్రం కింద ఏదో బురద కెలుకుతోందని అర్థం, బంగారుతీగో మరొకటో. తామరాకుల మధ్య "బుడుక్" అని ఒక్క చప్పుడు వచ్చి నీళ్లు గుండ్రంగా కదిలితే కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకొచ్చిందన్నమాట, పది నిమిషాలు కదలకుండా చూస్తే దాదాపు అక్కడే మళ్లీ లేస్తుంది. అదే చోట ఎర్రటి పిల్లలు గుంపుగా తేలుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, ఎర వేస్తే ఠక్కున పట్టేస్తాయి, కానీ వాటిని పడితే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలే. మన రాష్ట్ర చేప అది, అంత ఆశ వద్దు.

జాగా దొరికాక లోతు చూసుకోవాలి. గాలానికి చిన్న సీసం గుండు కట్టి, నీళ్ల మీద తేలే బెండును దారం మీద జరుపుతూ నాలుగైదు సార్లు వేయండి. బెండు మునిగిపోతే లోతెక్కువ, అడ్డంగా పడుకుంటే గుండు అడుక్కి తగిలింది, నిలబడి కొస మాత్రమే కనిపిస్తే సరిపోయింది. రవ్వ (రోహు చేప) కోసమైతే ఎర అడుగు నుంచి కాస్త పైన, బొచ్చె (కట్ల) కైతే ఇంకా పైన, జెల్లకైతే పూర్తిగా అడుక్కి.

చివరిగా మేత. పల్లిచెక్క, తవుడు కలిపి నీళ్లతో గట్టిగా ముద్దలు చేసి, బెండు పడే చోటే నాలుగైదు వేయండి, చెరువంతా చల్లకండి. ముద్ద నీళ్లలో పడగానే పగిలిపోతే పరకలే మూగుతాయి, అడుక్కి చేరి నిదానంగా కరగాలి. అరగంట వరకు ఏం కాదు, కంగారు పడి ఇంకో పది ముద్దలు వేశారో చేపల కడుపు నిండుతుంది, మన ఎర ఎవరికీ అక్కర్లేదు. గంటన్నర అయినా బెండు కదలకపోతే లేచి జాగా మార్చండి. నేను మొండిగా ఒకేచోట సాయంత్రం దాకా కూర్చున్న రోజులున్నాయి, ఇంటికి పోయేటప్పుడు దారిలో కిలో రవ్వ కొనుక్కుని పోయా, ఇంట్లో ఎవరూ నమ్మలేదు, నీట్‌గా పొలుసు తీసి ఉంది మరి.

అన్నట్టు జెల్ల పడితే ఆత్రంగా చేత్తో పట్టుకోకండి, వీపు మీదొకటి, రెండు పక్కలా ఒక్కోటి ముళ్లుంటాయి, గుచ్చితే రాత్రంతా సలపరమే, గుడ్డ వేసి పట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో గాలం తీయండి.