పానగల్లు ఛాయాసోమేశ్వరుడి నీడను చిత్రీకరించేటప్పుడు

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఛాయాసోమేశ్వరాలయాన్ని వీడియో తీయబోయే ఛాయాగ్రాహకులు ఎల్‌ఈడీ ప్యానెల్‌ను గర్భగుడి దాకా తీసుకెళ్లకపోవడమే మంచిది. లింగం వెనుక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే ఆ స్తంభపు నీడ, మండపపు స్తంభాల సందుల్లోంచి పరావర్తనమై వచ్చే పగటి వెలుతురు వల్ల ఏర్పడుతుంది కాబట్టి, మనం ఎదురుగా వేసే ఏ లైటయినా దాన్ని పలుచన చేస్తుంది. లోపలి బల్బును కూడా, పూజారిగారు ఒప్పుకుంటే, కాసేపు ఆపించండి.

సెకనుకు 25 ఫ్రేములకు 1/50 సెకను షట్టర్, 5600 కెల్విన్ వైట్ బ్యాలెన్స్ పెట్టి, ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్స్‌ను పూర్తిగా తెరిచి, ఆ తర్వాతే ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచాలి. ఆటో ఎక్స్‌పోజర్ తప్పనిసరిగా ఆపేయాలి. లేకుంటే భక్తులు దర్శనానికి అడ్డుగా వచ్చిన ప్రతిసారీ కెమెరా గోడను వెలిగించి, వాళ్లు పక్కకు జరగ్గానే మళ్లీ చీకటి చేస్తుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం మహా విసుగు. లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా కాంట్రాస్ట్ తగ్గించి రికార్డు చేసే పద్ధతిలో) తీస్తే గోడను ఒక స్టాప్ ఎక్కువ వెలుగులో, అంటే రెట్టింపు వెలుగులో ఉంచి, గ్రేడింగ్‌లో, అంటే రంగులు, వెలుగు దిద్దే దశలో దించితే నీడలో నాయిస్ (చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం) తగ్గుతుంది. యూనిట్ సభ్యులు మండపంలో స్తంభాల మధ్య గుమిగూడకుండా చూడండి, ఆ వెలుతురు దారి అదే.